ఎడమ పక్కన నీళ్ళ డబ్బాలు

జనవరి 7, మంగళవారం

ఇలాంటివి రాయకూడదు. రాయనని సంతకం కూడా పెట్టాను. కానీ మాట నోట్లో దాచుకుని దాచుకుని దవడలు నొప్పెడుతున్నాయి. వారం తిరిగేసరికి ఈ కాగితాలు పొయ్యిలో వేసేస్తాను, ఎవరికీ నష్టం లేదు.

నిన్న మా తమ్ముడు డెల్ఫినో సైన్యంతో వెళ్ళిపోయాడు. కువైట్. యుద్ధ ట్యాంకు ఒకటి వాడిదే, అంటే అందులో ఉన్న నలుగురికీ పెద్ద వాడే. నా కంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో వాడికి అన్నం పెట్టిందీ, బూట్ల లేసులు కట్టడం నేర్పిందీ నేనే. ఇప్పుడు సార్జెంటట. వెళ్ళే ముందు మా ఇంట్లో మొక్కజొన్న పిండి తమాలేలు తింటూ, నోటి నిండా కుక్కుకుని, ఆ కిటికీల్లేని బిల్డింగులో ఇన్నేళ్ళుగా ఏం పొడుస్తున్నావక్కా అని అడిగాడు. మైక్రోవేవ్ ఓవెన్లు చేస్తున్నానన్నాను. అయితే ముందు నాది బాగుచెయ్యి, పాప్‌కార్న్ మాడిపోతోంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను చేసేది వాడి ట్యాంకుకి బిగించే ట్యాగ్. సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. పైనుంచి మన విమానం రాడార్ వేస్తే ఆ కిరణాన్ని పట్టుకుని, దాని మీద తన గుర్తు వేసి వెనక్కి పంపుతుంది. విమానంలో తెర మీద ఆ ట్యాంకు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. నేను మీవాణ్ణి, కొట్టకు అని. అంతే. నలభై దాటాక నా ఏళ్ళన్నీ ఆ చుక్కకే పోయాయి.

వాడికి ఆ పెట్టె గురించి తెలిసేది ఒక్కటే. ముట్టుకోవద్దు, అడగవద్దు.

జనవరి 16, గురువారం

రేంజ్‌లో, అంటే ఊరికి దూరంగా ఉన్న పరీక్షల మైదానంలో, టెస్టు. ఎముకలు కొరికే చలి. ట్యాంకుని మళ్ళీ కడిగారు. ఆర్మీ బేస్ నుంచి అరువు తెచ్చిన ట్యాంకు అది. దానితో పాటు వచ్చిన సార్జెంట్ ప్రూయిట్ గొట్టం పట్టుకుని సణుగుతూనే ఉన్నాడు. మా చెల్లెలి పెళ్ళిలో పెళ్ళికూతురికి కూడా ఇన్ని స్నానాలు చేయించలేదు మేడమ్, ఇది ట్యాంకా, అందాల పోటీకి వెళ్ళే గుర్రమా అని.

కడగాలి. మా పద్ధతి అది. ప్రతి టెస్టుకీ ట్యాంకు ఒకేలా ఉంటేనే నిన్నటి అంకెనీ ఈరోజు అంకెనీ పక్కపక్కన పెట్టి చూడగలం. అందుకని దాని మీదున్నవన్నీ దించేస్తారు, బురద కడుగుతారు, తుడుస్తారు. అప్పుడు విమానం వెళ్తుంది. అప్పుడు చుక్క పడుతుంది.

పడింది. ప్రతిసారీ పడింది. రాడార్ తెర ముందు కూర్చునే మెర్ల్ బొటనవేలు పైకెత్తాడు. మా బాస్ గార్లండ్ స్వయంగా డోనట్లు పంచాడు. నేను రెండు తిన్నాను.

జనవరి 17, శుక్రవారం

ఉద్యోగం ఎలా ఉందని పక్కింటావిడ అడిగింది. బాగుందన్నాను.

జనవరి 29, బుధవారం

నిద్ర పట్టడం లేదు. రాస్తే పడుతుందేమో.

డెల్ఫినో మెయిల్‌లో ఫోటో పంపాడు. ట్యాంకు మీద కాళ్ళు వేలాడేసుకుని పళ్ళికిలిస్తున్నాడు. ఎండకి ముక్కు కమిలి ఎర్రబడింది. ముందు వాడి మొహమే చూశాను. చిక్కాడా, తింటున్నాడా అని. తర్వాత ట్యాంకుని చూశాను.

అది ట్యాంకులా లేదు, ఊరు మారుతున్న కాపురంలా ఉంది. బ్యాగులు, టార్పాలిన్, మడత కుర్చీ, ఐస్ పెట్టె, ఎవరిదో ఆరేసిన తువ్వాలు. వెనక పక్కన ఇనప చువ్వల బుట్ట ఉంటుంది. దానికి ఎడమ వైపంతా నీళ్ళ డబ్బాలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి, తాళ్ళతో బిగించి కట్టి ఉన్నాయి. నిండు డబ్బాలు. ఎడారిలో ఎవడైనా ముందు సర్దుకునేది నీళ్ళే కదా.

ట్యాగ్ బిగించేది అక్కడే. ఆ బుట్టకి ఎడమ వైపునే.

నీళ్ళు రాడార్‌ని తాగేస్తాయి. ఇది బడిపిల్లలకి తెలుసు. నాకు తెలుసు, గార్లండ్‌కి తెలుసు, మెర్ల్‌కి తెలుసు. కానీ మేమెప్పుడూ నీళ్ళు ఉన్న ట్యాంకుని చూడలేదు. మేం చూసిన ట్యాంకులన్నిటినీ మేమే కడిగించాం.

చుక్క పడదు. విమానంలో ఉన్నవాడికి అక్కడ కనిపించేది ఒక ట్యాంకు. ఎవరిదో తెలియని ట్యాంకు.

జనవరి 30, గురువారం

పొద్దున్నే గార్లండ్ గదిలో కూర్చున్నాను. నీళ్ళ డబ్బాలు కట్టి ఒక్కసారి టెస్టు చేద్దామన్నాను. టెస్ట్ ప్లాన్‌లో లేదన్నాడు. ప్లాన్ మార్చమన్నాను. మార్చాలంటే కమిటీకి వెళ్ళాలి, కమిటీ కూర్చునేసరికి వేసవి వస్తుంది, ట్యాగులు ఆల్రెడీ ఓడెక్కాయి ఎలోయిసా అన్నాడు. అసలు ట్యాంకుకి నీళ్ళ డబ్బాలు కడతారని నీకెవరు చెప్పారన్నాడు.

అది మాత్రం చెప్పలేను. మా తమ్ముడు ఫోటో పంపాడంటే, సొంత మనిషి ఉన్నాడు కాబట్టి నువ్వు ఈ పని మీద ఉండకూడదంటారు. సాయంత్రానికల్లా బయటికి. బయట ఉండి నేనేం చెయ్యగలను?

గార్లండ్ చెడ్డవాడు కాదు. అదే బాధ. తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. ఇప్పుడు మనం అనుమానం ఉందన్నామా, మొత్తం ఆపేస్తారు. ట్యాగ్ లేకుండా వెళ్తాయి ఆ ట్యాంకులు, అన్నీ. కొన్నిటికైనా పనిచేసేది మేలా, దేనికీ లేకపోవడం మేలా, నువ్వే చెప్పు అన్నాడు.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ తోమాను. శుభ్రంగా ఉన్నవి కూడా.

ఫిబ్రవరి 2, ఆదివారం

డెల్ఫినో ఫోన్ చేశాడు. ఆ లైన్లన్నీ ఎవరో వింటారు. దుమ్ము పంటి కింద కరకరలాడుతోందక్కా, మన గ్రీన్ చిలీ పచ్చడి ఒక డబ్బా పంపవూ, ఇక్కడి కూరలకి ఉప్పూ లేదు కారమూ లేదు, రోగిష్టి తిండి అన్నాడు. పంపుతానన్నాను. మాట గొంతు దాకా వచ్చింది. ఎడమ పక్కన కట్టకురా. అంతే కదా. చిన్నప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళకురా అన్నంత మాట.

అనలేదు. అంటే జైలు. జైలు సంగతి సరే, వాడి చెవిలో పడిందని తెలిస్తే వాణ్ణీ విచారణకి ఈడుస్తారు. ఒళ్ళు జాగ్రత్త అన్నాను. ఎప్పుడూ చెప్పేదే కదక్కా అన్నాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం

చేసేశాను.

టెస్టు చూడ్డానికి ఆర్మీ పెద్దలు వచ్చే రోజు ఈరోజు. డేరా, కుర్చీలు, కాఫీ. ట్యాంకుని నిన్ననే కడిగి కప్పి ఉంచారు. నేను పొద్దున్నే వెళ్ళి ప్రూయిట్‌ని పక్కకి పిలిచాను. నువ్వే యుద్ధానికి వెళ్తుంటే దీని మీద ఏమేం కట్టుకుంటావో అవన్నీ కట్టు అన్నాను. వాడు నా మొహం వంక చూశాడు. ప్లాన్‌లో ఉందా మేడమ్ అన్నాడు. లేదన్నాను, అడిగితే నా పేరే చెప్పమన్నాను. నవ్వాడు. ఇన్నాళ్ళకి ఒక్కరు ట్యాంకుని ట్యాంకులా చూశారు అని కుర్రాళ్ళని కేకేశాడు. బ్యాగులెక్కాయి, టార్పాలిన్ ఎక్కింది. నీళ్ళ డబ్బాలు ఎక్కడ కట్టాలో నేను చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే ఎడమ వైపు కట్టారు. అటు వైపే అయితే పైన నిలబడ్డవాడికి చెయ్యి అందుతుందట.

విమానం వచ్చింది. డేరాలో పెద్ద తెర. గార్లండ్ చక్కగా మాట్లాడుతున్నాడు, ఇప్పుడు చుక్క చూస్తారని. అందరూ చూశారు. ట్యాంకు ఉంది. చుక్క లేదు. విమానం తిరిగి వచ్చింది. మళ్ళీ లేదు. మెర్ల్ మీటలన్నీ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

దీని అర్థమేమిటని ముందు వరసలో కల్నల్ అడిగాడు. మీరిప్పుడే మనవాళ్ళని నలుగుర్ని చంపేశారని అర్థం సార్ అన్నాను. తర్వాత నీళ్ళ సంగతి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

గార్లండ్ నావైపు తిరిగి, డాక్టర్ సెడీయో, బయటికి వెళ్ళండి అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను మీరు అన్నాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

బ్యాడ్జ్ తీసుకున్నారు. ఉద్యోగం తియ్యలేదు. కంచె బయట ఒక గది ఉంది, రహస్యమైన పని చెయ్యడానికి క్లియరెన్సు రానివాళ్ళని, వచ్చి పోయినవాళ్ళని అందులో కూర్చోబెడతారు. పని ఉండదు. పొద్దున వెళ్ళాలి, సాయంత్రం రావాలి. ఆ గదికి కిటికీ ఉంది. కిటికీలోంచి నేను వెళ్ళకూడని బిల్డింగు కనిపిస్తుంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సూపర్‌మార్కెట్లో ఉల్లిపాయల దగ్గర మెర్ల్. నన్ను చూసి పారిపోతాడనుకున్నాను. పక్కనే నిలబడి ఒక్కో ఉల్లిపాయనీ నొక్కి చూస్తూ, నీళ్ళు లోపల పెట్టుకుంటేనే చల్లగా ఉంటాయట, అక్కడ కూడా అందరికీ అలాగే చెప్పారట అని ఉల్లిపాయలతో అన్నాడు. ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయాడు.

కారులో కూర్చుని ఏడ్చాను. బాగా ఏడ్చాను. నీళ్ళు లోపల పెట్టుకోమని ట్యాంకుల వాళ్ళకి ఆర్డర్ వెళ్ళింది.

మార్చి 9, ఆదివారం

డెల్ఫినో ఫోన్. మంచి హుషారుగా ఉన్నాడు. ఏదో ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న వెధవ ఒకడు ఆర్డరేశాడక్కా, ఎడమ వైపు నీళ్ళు కట్టకూడదట, లోపల పెట్టుకోవాలట అన్నాడు. ఎందుకో చెప్పరట. లోపలే మేం నలుగురం ఒకడి ఒళ్ళో ఒకడు ఉంటే, ఆ డబ్బాలు కూడా కాళ్ళ సందున పెట్టుకుని చావాలా అన్నాడు. ఏం చేస్తున్నారన్నాను. ఏముంది, లెఫ్టినెంట్ చూడ్డానికొస్తే లోపల, వాడటు తిరగ్గానే బయట. మా వరసలో అన్ని ట్యాంకులూ అంతే అని నవ్వాడు.

ఎందుకో చెప్పరు. చెప్పలేరు. చెబితే రహస్యం పోతుంది. చెప్పకపోతే ఏ సైనికుడు వింటాడు? నా ఉద్యోగం పెట్టి కొన్న ఆర్డరు వాళ్ళకి నవ్వులాట అయింది.

దించెయ్ అన్నాను. ఏంటక్కా అన్నాడు. ఆ డబ్బాలు దించెయ్, ఇప్పుడే, మళ్ళీ కట్టకు, పక్క ట్యాంకుల వాళ్ళ చేత కూడా దించెయ్యించు అన్నాను. నీకెందుకే బాబూ అని నవ్వాడు. ఎందుకని అడగకు, నేను చెప్పాను కాబట్టి దించు, నీకు అన్నం పెట్టి పెంచాను, ఇప్పటిదాకా నిన్ను ఒక్కటీ అడగలేదు, ఇదొక్కటే అడుగుతున్నాను అని అరిచాను. పక్కింటి కుక్క మొరిగింది.

అవతల నవ్వు ఆగిపోయింది. వాడు తెలివితక్కువవాడు కాదు. నేనెక్కడ పనిచేస్తానో వాడికి తెలుసు. అక్కా అని ఒక్కసారి పిలిచాడు. లైను తెగిపోయింది.

మార్చి 11, మంగళవారం

సెక్యూరిటీ వాళ్ళు పిలిచారు. నా అరుపు మొత్తం టేపు మీద ఉంది. కాలేజీ వదిలి రెండేళ్ళు కూడా కానట్టున్న అబ్బాయి, మర్యాదగానే ఉన్నాడు. ప్రోగ్రాం గురించి తమ్ముడితో మాట్లాడారా మేడమ్ అన్నాడు. లేదు, పైవాళ్ళ ఆర్డరు వినమని చెప్పానన్నాను. ఎందుకు చెప్పారన్నాడు. నీకు అక్క ఉందా అన్నాను. ఉందన్నాడు. అయితే నీకు తెలుసన్నాను. రాసుకున్నాడు.

విచారణ అయ్యేదాకా డెల్ఫినోతో మాట్లాడకూడదు. ఫోన్ ఎత్తకూడదు, మెయిల్ రాయకూడదు. వాడు దించాడో లేదో అడగడానికి కూడా లేదు.

మార్చి 16, ఆదివారం

ఫోన్ మోగింది. ఎదురుగా కూర్చుని ఆగేదాకా చూశాను.

మార్చి 20, గురువారం

యుద్ధం మొదలైంది. టీవీ కట్టేశాను. మళ్ళీ పెట్టాను. ప్రతి ట్యాంకుకీ ఎడమ వైపు చూస్తున్నాను. కెమెరా ఎప్పుడూ కుడి వైపు నుంచే తీస్తోంది వీళ్ళ దుంపతెగ.

మార్చి 23, ఆదివారం

ఎక్కడో మనవాళ్ళనే మనవాళ్ళు కొట్టారని వార్త. ఎవరో చెప్పలేదు. రోజంతా వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. యూనిఫారంలో ఎవరూ రాలేదు. చర్చికి వెళ్ళే నీలం కోటు మనిషిని చూసి నా ప్రాణం పోయినంత పనైంది.

మార్చి 31, సోమవారం

పోస్టుకార్డు. చదవకూడదని ఎవరూ చెప్పలేదు. పదమూడో తారీఖున రాశాడు. అక్కా అని లేదు, క్షేమం అని లేదు. ఒక్క వాక్యం.

ఇక్కడ ఎవడికీ కాళ్ళు చాపుకునే చోటు లేదు, మొత్తం వరసంతా నిన్ను తిడుతోంది.

తిట్టుకోండి. ముడుచుకునే కూర్చోండిరా నాయనలారా.