కర్బూజా పొగ

సెప్టెంబర్ 16
డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మ్ చూపించాడు. ఊపిరితిత్తులు అయిపోయాయి, సిగరెట్ మానితే ఇంకొన్నేళ్ళు, లేదంటే ఈ చలికాలం దాటడం కష్టమన్నాడు. మా ఆయన బయటికొచ్చి మెట్ల మీదే వెలిగించాడు. ఇదే ఆఖరిది, అలా చూడకే ముసలిదానా అన్నాడు. ఆయనవన్నీ ఆఖరివే.

సెప్టెంబర్ 18
బిష్కెక్ నుంచి అమ్మాయి నూర్జాత్ ఫోన్. నాన్నకి ఆవిరి పీల్చే వేప్ పెన్ కొనివ్వమ్మా, మా ఆఫీసులో ఒకాయన దాంతోనే సిగరెట్ మానేశాడంది. సర్కారు వాటి అమ్మకం బంద్ చేసింది గదే అంటే, మన నారిన్ బజార్లో నీకు తెలియని మనిషెవరమ్మా అని నవ్వింది.

బజార్లో మేజోళ్ళమ్మే జిల్డిజ్ మేజోళ్ళ కట్ట కింద నుంచి పెన్నులు తీసింది. కర్బూజా రుచి తీసుకున్నాను. ఎలా వాడాలే అంటే, పాలసీసా పట్టడం పిల్లలకి నేర్పాలా అక్కా అంది. మీటలేమీ లేవు. పీలిస్తే చివర నీలం దీపం. లోపల దూదికి పట్టిన ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. ఎర్రగా మిణుకుమంటే ఛార్జింగ్ పెట్టాలి. మాడు వాసన వస్తే దూది ఎండినట్టు, ఇక పారెయ్యడమే.

ఇది ఆడపిల్లల లిప్‌స్టిక్ లాగుంది, నేను పట్టుకోనన్నాడు ఆయన. చూపించడానికి ముందు నేనే పీల్చాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా దగ్గాను. ఆయన పడీపడీ నవ్వి, చెయ్యి చాపాడు.

సెప్టెంబర్ 26, శుక్రవారం
నూనె కాచి ఏడు రొట్టెలు వేయించాను. అత్తగారు పోయినప్పటి నుంచీ ఒక్క శుక్రవారం తప్పలేదు. పోయినవాళ్ళు ఆ నూనె వాసన పట్టుకునే గదా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. ఆయన ఖురాన్ చదువుతాడనుకుంటే, మంచం మీద కూర్చుని కర్బూజా పొగ వదులుతున్నాడు. మీ అమ్మ గుమ్మం దాకా వచ్చి, పళ్ళకొట్టనుకుని వెనక్కి పోతుందన్నాను. పోదులే, అమ్మకి కర్బూజా అంటే ప్రాణం అన్నాడు.

ఆయన సిగరెట్ ముట్టి వారం దాటింది. సంతోషంగా ఉంది. రాయడానికే భయంగా ఉంది.

అక్టోబర్ 4
ఇదివరకు సిగరెట్ కోసమైనా లేచి బాల్కనీలోకి వెళ్ళేవాడు. ఇప్పుడు మంచం దిగడు. టీతో పీలుస్తాడు, టీవీతో పీలుస్తాడు, నిద్రలో మెలకువొస్తే పీలుస్తాడు. సిగరెట్‌కి ఒక చివరంటూ ఉండేది.

అక్టోబర్ 9
చొక్కా ఉతకబోతే జేబులో పొగాకు పొడి.

అక్టోబర్ 10
అడిగాను. సిగరెట్ బాల్కనీకి, ఇది మంచానికి అన్నాడు. ఇంట్లో టోపీ వేరు, బజారుకి టోపీ వేరు అన్నంత తేలిగ్గా. సిగరెట్లు చెత్తలో పడేశాను. చస్తావయ్యా అని అరిచాను. నీకంటే ముందే పోతాలే, ఊరుకో అన్నాడు.

పెన్ లాక్కుని పిండి డబ్బా వెనక దాచాను. అక్కడే నిలబడి నాలుగు దమ్ములు లాగాను. కోపంతో. కోపం దిగాక ఇంకోటి లాగాను.

అక్టోబర్ 13
పెన్ ఆయనకి తిరిగిచ్చేశాను. నాకొకటి కొనుక్కున్నాను.

నవంబర్ 2
బావగారు ఇంకా మానలేదా అక్కా అంది జిల్డిజ్. లేదన్నాను. రెండు తీసుకున్నాను. రెండూ ఆయనకే అనుకుంది.

నవంబర్ 19
ఆస్పత్రి. ముక్కుకి ఆక్సిజన్. మగతలో రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టుకుని పీలుస్తున్నాడు. కిందికి దించుతాను. మళ్ళీ పెట్టుకుంటాడు. ఆడవాళ్ళ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని నా పెన్ తీశాను. ఆయన కోసం ఏడవడానికి వెళ్ళానని నర్సు అనుకుని నీళ్ళు తెచ్చిచ్చింది.

నవంబర్ 23
పోయాడు.

డిసెంబర్ 5, శుక్రవారం
నూర్జాత్ ఇక్కడే ఉంది. ఇద్దరం నూనె కాచాం. నూనె పొగలోంచి కూడా దానికి తెలిసిపోయింది. కర్బూజా వాసనేంటమ్మా అంది. మీ నాన్నదే, గోడలకి పట్టేసిందన్నాను. పాపం, అది వెళ్ళి గోడకి ముక్కు ఆనించి ఏడ్చింది.

డిసెంబర్ 12, శుక్రవారం
నూర్జాత్ వెళ్ళిపోయింది. నూనె కాయలేదు. కిటికీ తెరిచి కర్బూజా పొగ వదిలాను. మొదటి దమ్ము ఆయనకి, ఇల్లు గుర్తుపట్టాలి గదా. మిగతావన్నీ నాకే.