సర్దార్జీ వెండి రూపాయలు

రుఆబాంధా, 12-7-95

చెల్లి గున్నమ్మకి, ఇక్కడ అందరం బాగున్నాం, కంగారుపడీకు.

మా పక్క క్వార్టరు సర్దార్జీ, నాతో ఉక్కు కార్ఖానాలో పనిచేసీవోడు, నీకు తెలుసు కదా. పూర్వం ఖాల్సా ఫౌజువోళ్ళు, అదే సిక్కుల సైన్యం, వాళ్ళ గురువుగారి పేర కొట్టించిన వెండి రూపాయలు, నల్లబడిపోయినవి, ముప్పై ఏళ్ళుగా కూడబెడతన్నాడు. "ఏటి సర్దారూ, కోక్ బొగ్గులు దాస్తన్నావా?" అని రోజూ ఏడిపించీవోణ్ణి. పోయిన నెల అవి నాకిచ్చి, భద్రమని చెప్పి అమృత్‌సర్ వెళ్ళాడు. వచ్చి చూసి తెల్లబోవాలని, అన్నీ చింతపండు, బూడిద పెట్టి తళతళా తోమీసాను. మీదున్న అక్షరాలు అరిగిపోయాయి. తిరిగొచ్చాక తిట్టినా బాగుణ్ణు. "భయ్యా, రెండొందల ఏళ్ళ నలుపు కడిగీశావు" అన్నాడంతే. అప్పట్నుంచి మా ఇంటికి టీకి రావట్లేదు.

నాన్న పటాలంలో ఉన్నప్పుడు లాహోరు నుంచి తెచ్చిన ఆకుబొమ్మ రూపాయి నీ దేవుడి పెట్టెలో ఉంది. అదీ ఆ ఖాల్సా వోళ్ళు కొట్టించిందే. శ్రావణ శుక్రవారానికి దాన్ని తోమీకు. నల్లగా ఉన్నదున్నట్టు గుడ్డలో చుట్టి, ఇక్కణ్ణుంచి సెలవకి ఊరొచ్చిన రాజాబాబు చేత పంపు. నాన్న గుర్తు, ఇవ్వాలంటే నీకు కష్టమే. అది పట్టుకెళ్తే గాని సర్దార్జీ గుమ్మం ఎక్కలేను. వేళాకోళం కాదమ్మా, ఈసారి నిజంగానే అడుగుతన్నాను.

బావకి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

మీ అన్న చిట్టిబాబు