రెండో రోకలి నాదే

దిల్‌సుఖ్‌నగర్, 28-9-2011

అమ్మా, నేను మంచిగున్న. టీవీల చూపించిన ఎల్బీనగర్ లాఠీచార్జిల నేను లేను, పరేషాన్ కాకు. ఫోన్‌ల నీకు వినపడదని కార్డు రాస్తున్న, చెల్లెతోని చదివించుకో.

ఆ పొద్దు నేను స్టూడియోల ఉన్న. తెలంగాణ పాటకు కీబోర్డు వాయించిన. ఆరేండ్లు హోటల్ బ్యాండ్ల రెగ్గే అనే ఫారిన్ పాటలు వాయించిన చెయ్యి కదా, డప్పు దెబ్బకూ దెబ్బకూ నడుమ సందులనే పడ్డది. "మన పాటల గీ ఫారిన్ వాయింపు ఏంది?" అని పాట కట్టిన సారు గరమైండు. పాడనీకి ఒచ్చిన సైదమ్మ నవ్వింది. "ఫారిన్ ఏంది సారూ, ఇద్దరు ఆడోళ్లు ఒక్క రోట్ల కారం దంచినట్లే ఉన్నది" అన్నది. నువ్వూ చిన్నమ్మా కండ్ల ముందట నిలబడ్డరు. సారు గట్లనే ఉంచమన్నడు.

మోకాళ్లకు మందు రాస్తున్నవా? బర్రె ఈనిందా? సమ్మె అయిపోయి బస్సులు నడిస్తే ఒస్తా, కొత్త కారం జర దాచిపెట్టు.

చెల్లె కోసం సీడీ పంపుత. దాని మీద నా పేరుండదు, మా పనిల గంతే. నీకు వినపడకున్నా స్పీకర్ మీద చెయ్యి పెట్టి చూడు. ఒక రోకలి లేస్తుంటే ఇంకోటి పడ్డట్లు తగుల్తది. ఆ రెండోది నీ కొడుకే. చిన్నమ్మకు నా దండాలు చెప్పు.

నీ దశరథ