పాదాలున్న అక్షరాలు

కరీంనగరు,
6 ఫిబ్రవరి 1950

ప్రియమైన బావమరిది గంగయ్యకు,

నీవు నిర్మల్‌లో చెక్కి పంపిన పెద్ద కొయ్య అక్షరాల వలన మా ముద్రణాలయానికి పేరు వచ్చినది. సన్నగా, నిటారుగా, దట్టంగా ఉండి, అడుగున పలక వంటి పాదంతో నిలబడే ఆ రూపాన్ని గీసినవాడను నేను గనుక కొంత గర్వపడినాను. ఇదివరకు ఆరు అక్షరాలు పట్టిన కాగితంపై ఇప్పుడు పది పడుతున్నవి. మా యజమాని ఖాసిం సాహెబు మాత్రం, "అక్షరాలకు బూట్లు తొడిగినవు గదనయ్యా రాజం" అని నవ్వేవారు.

ఆయన నాలుగు దినాలుగా ఠాణాలో ఉన్నారు. సర్కారువారు రైతుల వద్ద లెవీ ధాన్యం గుంజుకొంటున్నారు గదా. "లెవీకి ఒక్క గింజ ఇయ్యకుండ్రి" అని సుల్తానాబాదు గోడలపై కాగితాలు వెలసినవి. అక్షరాలు మనవే. ఇటువంటివి జిల్లాలో మరెక్కడా లేవని ఠాణా అమీను గారు ఆయనను పట్టుకొనిపోయినారు. ఆ కాగితం మేము అచ్చువేయలేదు. ఆయన భార్య ఉమ్రావ్ బేగం ప్రతి ఉదయం వచ్చి మా మెట్ల మీద కూర్చుంటున్నది.

నేను నిన్ను అడిగేది ఒకటే. ఆ అక్షరాలకు రెండవ జత చెక్కినావా?

నీ మేలు కోరే బావ,
రాజం


నిర్మల్,
ఫిబ్రవరి 12

ప్రియమైన బావకు గంగయ్య దండాలు.

జత ఒక్కటే చెక్కిన. రెండోది లేదు. నా మాట ఇని నీ అక్షరాల పెట్టెను గూడ పొయ్యిల వెట్టు. కొయ్యనే గదా, మళ్ల చెక్కుకోవచ్చు. ఖాసిం సాబు సంగతి ఇని నాకూ పరేషాన్‌గనే ఉన్నది. గానీ మనం నకాషోళ్లం, బొమ్మలు జేసుకునేటోళ్లం, ఠాణాలతోని మనకేం పని? నువ్వు ఉలి ఇడిచి అచ్చాఫీసుకు పోయిననాడే మా బాపు మొత్తుకున్నడు, ఇనకపోతివి.

ఇంట్ల బాలలక్ష్మక్కకు నా ఉత్తరం సంగతి చెప్పకు. జర పైలం బావా.

నీ గంగయ్య


కరీంనగరు,
ఫిబ్రవరి 16

ప్రియమైన గంగయ్యా,

నీవు అబద్ధం వ్రాసినావు.

నేను ముప్పది ఎనిమిదవ ఏట రాత్రిబడిలో పట్టా పొందినవాడను. అక్షరాన్ని ఊరకే చూడను. మా పెట్టెలోని 'గి' పాదం మూల మొదటి దినాననే విరిగినది. గోడ కాగితంపై 'గింజ'లోని 'గి' నిండుగా ఉన్నది. అది వేరొక జత. ఈ సంగతి అమీను గారికి విన్నవించినాను. ఆయన నవ్వి, "గట్లయితే ఆ జత దెచ్చి నా మేజు మీద పెట్టు. లేకుంటే నీ పంతులు వేషాలు బంజెయ్" అన్నారు.

ఈ నెల 27న ఖాసిం సాహెబును పెద్ద జైలుకు పంపుతారట. ఠాణాలో దెబ్బలకు ఆయన కుడిచేయి పైకి లేవడం లేదు. నిన్న నేనే రొట్టె తుంచి నోట పెట్టినాను. నా గీతల మూలంగా ఆయన చచ్చిపోతారు గంగయ్యా. ఎవరికి చెక్కినావో చెప్పు. కాళ్లు పట్టుకొమ్మంటే పట్టుకొంటాను. ఈ మాట ఇంతవరకు నేనెవరికీ వ్రాయలేదు.

రాజం


నిర్మల్,
ఫిబ్రవరి 21

ప్రియమైన బావా,

చదివినంక కాలవెట్టు.

మొన్న బతుకమ్మకు ఇంటికొచ్చినప్పుడు బాలలక్ష్మక్క నీ గీతల కాగితం చూపెట్టి, "మీ బావ ఇంకో జత జెయ్యమన్నడు" అన్నది. చెక్కి ఇచ్చిన. నీ మొదటి ఉత్తరం రాంగనే సుల్తానాబాద్‌ల మా పెద్దక్క లింగవ్వ ఇంటికి ఉరికిన. "లెవీకని విత్తనం వడ్లు గూడ ఎత్తుకపోయిండ్రు తమ్మీ. అడ్డమొచ్చిన మీ పెద్దబావను గుంజకు కట్టి కొట్టిండ్రు. గది చూసినంక బాలలక్ష్మి ఊకుంటదా?" అన్నది. ఆ ఇంట్లనే సిరా పూసి, కాగితాలేసి, చేతుల్తోని రుద్దిండ్రట. అక్షరాలు పేర్చింది మన బాలలక్ష్మక్కనే.

నాకు అక్క గావాలె, నువ్వూ గావాలె. ఇంక నాకేం తోస్తలేదు.

గంగయ్య


కరీంనగరు ఠాణా నుండి,
ఫిబ్రవరి 27

ప్రియమైన గంగయ్యా,

నీ ఉత్తరాన్ని బూడిద చేసినాను. నా ముఖం చూడగానే మీ అక్కకు అర్థమైనది. ఠాణాకు తానే పోతానన్నది.

"గీసినది నేను" అన్నాను.

"పేర్చింది నేను" అన్నది.

పెట్టిన రొట్టె ఇద్దరమూ ముట్టలేదు.

నిన్న తెల్లవారి ఆమె నీళ్లకు పోయిన వేళ నేనిక్కడికి వచ్చినాను. గీసినది, చెక్కినది, అచ్చువేసినది, ఆ జతను కాల్చివేసినది నేనేనని చెప్పినాను. అమీను గారు నమ్మలేదు. కొయ్యముక్క, ఉలి తెప్పించి 'గి' చెక్కమన్నారు. ఇరవై ఏండ్లుగా ఉలి పట్టని చేయి నాది. వేలు రెండు చోట్ల తెగినది. సాయంత్రానికి అక్షరం తయారైనది. ఆయన దానిని గోడ కాగితం పక్కన పెట్టి చాలాసేపు చూచి, ఈ ఉదయం ఖాసిం సాహెబును విడిచినారు.

వెళ్తూ ఖాసిం సాహెబు నా దగ్గర ఆగి, "నువ్వు గాదని నాకెరుకే" అన్నారు. నేనేనన్నాను. ఈ ఉత్తరం ఆయన చేతనే పంపుతున్నాను.

సుల్తానాబాదులోని జతను, నా గీతల కాగితాన్ని వెంటనే కాల్పించు. మీ అక్కను నిర్మల్‌కు తోలుకొనిపో. ఆమె ఇక్కడికి వచ్చి నోరు విప్పితే ఇద్దరమూ పోతాము.

నాకు భయంగా ఉన్నది. ఎన్నేండ్లు వేస్తారో తెలియదు. అయినా నన్ను కాల్చుతున్నది వేరొకటి. ఇరవై ఆరేండ్ల కాపురంలో ఆమెకు చదువు వచ్చునని నేనెరుగను. రాత్రిబడి పుస్తకాలు నేను బిగ్గరగా చదువుతుంటే పక్కన కూర్చొని చూచేది. నిద్ర ఆపుకొంటున్నదనుకొన్నాను. ఒక్కనాడైనా ఆమెను అడగలేదు.

జైలుకు ఉత్తరం వ్రాయమని చెప్పు. ఆమె చెప్పగా నీవు వ్రాయవద్దు. తన చేతితో వ్రాయమను.

మీ
రాజం