మూన్నెల్ల లీవు, ఆరు గుంటల తోట

జూన్ 6, శుక్రవారం. పొద్దున 5:10
మస్కట్ల పదకొండేండ్లు తోటమాలిగ చేసిన. ఎడారిల గులాబీలు పూయించిన. గీ మెట్‌పల్లి దగ్గర, మా సొంత ఇంటెనుక ఆరు గుంటలల్ల కూరగాయలు పండియ్యలేనా? అదెంత పని!

ఇగ మస్కట్ పోనని నిన్న కోమలకు చెప్పిన. నా పెండ్లాం ఊకె నమ్మే మనిషి కాదు. ‘పోయిన లీవుల కోళ్లన్నవు. అంతకుముందు చేపలన్నవు. ఏ పనీ ఆఖరిదాక చెయ్యవు. నీ తోటల కాసినయి వారం రోజులు కూరకు ఎల్లినయనుకో, పాస్‌పోర్టు నేనే బీరువల పెట్టి తాళమేస్త. లేకుంటె ఆగస్టు 28న ఫ్లైటెక్కు’ అన్నది.

ఒప్పుకున్న. వారమేంది, వాడకంత పంచుత!

జూన్ 8. మిరుగం కార్తె
లిస్టు: టమాట 100. వంకాయ 80. బెండ ఆరు సాళ్లు. బీర, సోర, కాకరకు పందిరి. గట్ల మీద పుంటికూర.

నా బిడ్డ అలేఖ్య నాలుగో తరగతి. ఫోన్ల మస్తు మాట్లాడేది, ఎదురుంగ నిలబడితె వాళ్లవ్వ కోమల ఎనుక దాక్కుంటది. ఇయ్యాల తనంతట తనే వచ్చి, నేను గీసిన తోట మ్యాపుకు పచ్చరంగేసింది. ఎంత సంబురమైందో!

జూన్ 19. సాయంత్రం 5:00
నాటుడైపోయింది. నీళ్లు పొద్దున అయిదింటికి, సాయంత్రం అయిదింటికి. మస్కట్ టైమంటె టైమే. పక్కింటి భూమవ్వ గోడ మీదికెళ్లి చూసి, ‘మొగులైంది, వానొస్తది బిడ్డా, జర ఆగరాదు’ అన్నది. ఆమెకేం ఎరుక!

జులై 2
రెండు రోజుల సంది ముసురు. వాన పడుడు వానది, మన డ్యూటీ మనది. ఒక చేతిల ఛత్రి, ఒక చేతిల పైపు. గోడ మీద ఆరుగురు ఆడోళ్లు, ఒకటే నవ్వుడు. కోమల లోపలికి పోయి తలుపేసుకున్నది. నవ్వనీ!

జులై 6
టమాట ఆకులు పసుపుపచ్చగైనయి. దూప అయితున్నట్టుంది. మధ్యాహ్నం గూడ నీళ్లు షురూ.

జులై 13
టమాట నూటికి తొమ్మిది మిగిలినయి. వంకాయ ముప్పై ఒకటి. బీర, సోర, కాకర ఖతం. బెండ మంచిగుంది (అక్కడిదాక పైపు అందదు).

పీకి చూస్తె ఏర్లన్ని కుళ్లినయి. ‘పైనుంచి దేవుడు పోస్తనే ఉన్నడు, నువ్వు మల్ల పోసుడేందిరా!’ అని భూమవ్వ తిట్టింది.

నేలది తప్పు. మస్కట్ల ఇసుకుండె, నీళ్లు దిగేటియి. నేనేం జెయ్యాలె?

జులై 21
నడుం పట్టింది. లేవలే. ఇరవై కోతులు దిగి బెండ మీద పడ్డయి. అలేఖ్య పళ్లెం కొట్టుకుంట ‘బాపూ, లే! బాపూ!’ అని ఒర్లింది. నేను లేసేసరికి కోతులు పోయినయి. బెండ గూడ పోయింది.

ఆగస్టు 10
తోటకు పోలే. ఫోన్ల తోటల వీడియోలు చూసిన. నాలుగు గంటలు. మస్తు నేర్చుకున్న.

ఆగస్టు 18, సోమవారం
ఇంక పది రోజులే. తోటల గడ్డి తప్ప ఏం మిగలలే. పరేషాన్. మెట్‌పల్లి అంగడికి పోయి వంకాయలు కొని, మన్ను రాసి, ‘మన తోటయే’ అని కోమలకిచ్చిన. అవి గూడ తోటల్నే కాసినయి కద! ఒకటో రోజు పాస్.

ఆగస్టు 21
నాలుగో రోజు. బీరకాయ. కోమల కడిగి వండింది. నా అంత హుషారోడు ఈ జిల్లల లేడు.

ఆగస్టు 22
తొందరల క్యాబేజి తెచ్చిన. ‘క్యాబేజి ఎప్పుడు నాటినవ్?’ అన్నది కోమల. అలేఖ్య ముందటికొచ్చి, ‘మూలకు కాసిందవ్వా, నేను చూసిన. రోజు నీళ్లు పోసిన’ అన్నది. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

పసిపిల్లతోటి అబద్ధమాడిపిచ్చిన. థూ నా బతుకు!

ఆగస్టు 23. సాయంత్రం
ఆరో రోజు. ఇగ నాతోని కాలే. కోమలకు అంత చెప్పేసిన. అంగడి, మన్ను, క్యాబేజి, అన్ని.

‘నాకు మొదటిరోజే ఎరుక. మన తోటల వంకాయలుంటె నాకు కనవడయా?’ అన్నది.

‘మరి ఎందుకు ఊకున్నవ్?’

‘రేపటితోటి వారమయితుండె! ఒక్కరోజు నోరు మూసుకోరాదా? దొంగతనం గూడ ఆఖరిదాక చెయ్యవు గదయ్యా!’

కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. మా పెండ్లయిన కాడికెళ్లి నేను ఇంత సిగ్గువడ్డది లేదు.

ఆగస్టు 24, ఆదివారం. పొద్దున 5:00
కోమల పోపు డబ్బలకెళ్లి పిడికెడు మెంతులు తీసి నా చేతిల పెట్టింది. ‘మల్ల మొదటి సంది. గిది నాటు. కోసినంక మాట్లాడుదాం’ అన్నది.

మెంతికూర కోతకొచ్చేసరికి నెలయితది. ఫ్లైటు నాలుగు రోజులకే. కోమలకు లెక్క తెల్వదా? నాకంటె మంచిగ తెలుసు.

అలేఖ్య పార పట్టుకొని బయట నిలబడ్డది. తోటకు పోత. గీసారి టమాట రెండు వందలు!