కుడి బటన్‌కి కట్టిన గుడ్డ

జూన్ 4

నాకు రాయడం రాదు. ఈ ఫోన్‌కి వచ్చట. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని కోడలు చెప్పింది. సరే, రాసుకో. పోయినసారి నా మాటంటూ ఇంకెవరో రాశారు, నేను వేలిముద్ర వేశాను. నలభై రెండేళ్ళుగా ఆ కాగితం నా నెత్తిమీద కూర్చుని ఉంది.

డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు అది. రేకు లోపల పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే లోపల ఉండవు కదా, అందుకు. అయినా దిగింది. నా కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

తొందరగా పని అవ్వాలని నేనే ఎడమ బటన్‌ని నొక్కిపెట్టి గుడ్డతో కట్టేశానని కాగితంలో రాశారు. కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పిందెవరు? నా తోటికోడలు. ఇంటికి చిన్నకోడలు కాబట్టి అందరూ చిన్నది అంటారు. అదే ప్రెస్సు మీద నాకు ముందు షిఫ్టు దానిదే. ఒంటరిదైపోయిందని మా అబ్బాయి పిన్నిని తెచ్చి ఇంట్లోనే పెట్టాడు. ఇప్పుడు పక్కగదిలో దగ్గుతోంది.

దానికి ఈమధ్య మతి జారుతోంది. పొద్దున టీ తాగాక ఓ గంట బాగుంటుంది. తర్వాత నన్నే ఎవరమ్మా నువ్వు అంటుంది. అది పూర్తిగా మర్చిపోయేలోపు దాని నోటితోనే నిజం కక్కించాలి. నా కేసు అంతే.

జూన్ 6

కోడలు బళ్ళో పిల్లలకి దిమ్మల గేమ్‌తో పాఠం చెబుతుంది. ఆ టాబ్లెట్ నా ఒళ్ళో పెట్టి, కాలక్షేపానికి ఇల్లు కట్టుకోమంది. ఇల్లు నాకెందుకు? ఉన్న ఇంట్లోనే నా మాట చెల్లదు.

అందులో పిడులున్నాయి. పిడి లాగితే నేలమీద పోసిన ఎర్రపొడి వెంట కరెంటు పారి దీపం వెలుగుతుంది. అది చూశాక నాకు ఇంకేమీ కనబడలేదు. రెండు పిడులూ లాగితేనే వెలిగేలా చెయ్యొచ్చా అని అడిగాను. దాన్నే ఆండ్ గేట్ అంటారత్తయ్యా అంది. పేరేదైతే నాకేం, చేసి చూపించమన్నాను.

తమాషాగా ఉంది. ఒక్కో పిడికీ ఒక్కో కాగడా. పిడి లాగితే దాని కాగడా ఆరిపోతుంది. రెండూ ఆరితేనే మూడోది వెలుగుతుంది. ఒక్కటి మిగిలినా మూడోది చచ్చినట్టు పడుంటుంది. ఇవాళ నాలుగుసార్లు తప్పు కట్టాను. ఎడంచేత్తో కదా.

జూన్ 9

మూడో కాగడా వెలిగితే ఇనప దిమ్మ దబ్బున పడేలా కట్టాను. మొదటిసారి పడ్డప్పుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

జూన్ 10, మధ్యాహ్నం మూడు

నిదానంగా చెబుతాను.

కాగితంలో ఉన్నట్టే ఎడమ పిడి లాగి వదిలేశాను. కట్టేసినట్టు లెక్క. ఇక దిమ్మ పడాలంటే కుడిది లాగాలి. కుడిది లాగేది కుడిచెయ్యి. అప్పుడు లోపలుండేది ఎడమచెయ్యి. నలగాల్సింది ఎడమ వేళ్ళు!

నా ఎడమ వేళ్ళు ఐదూ ఉన్నాయి.

అంటే కట్టింది కుడి బటన్‌కి. నేను డ్యూటీ ఎక్కి, కుడిచేత్తో రేకు సర్దుతూ, ఎడమచెయ్యి అలవాటుగా బటన్ మీద ఆనించాను. కుడిది నొక్కందే దిగదుగా అనుకుని, దానికి గుడ్డ కట్టి ఉందని చూసుకోలేదు. నాకు ముందు షిఫ్టు ఎవరిది? కుడిచేత్తో రేకులు తోస్తూ ఎడంచేత్తో నొక్కి మూతలు కొట్టుకున్నదెవరు? అబద్ధం చెప్పేటప్పుడు ముండ కుడీ ఎడమా కూడా సరిచూసుకోలేదు. అంతమంది చదువుకున్నోళ్ళు సంతకాలు పెట్టారు, వాళ్ళూ చూసుకోలేదు.

అబ్బాయికి చూపించాను. ఆ ఫ్యాక్టరీయే కూలగొట్టేశారు, ఇప్పుడెందుకమ్మా అన్నాడు. పిన్ని నోటితో చెబితే నమ్ముతానన్నాడు. కోడలు మాత్రం తన రెండు చేతులూ అటూ ఇటూ పెట్టి చూసుకుని, కూర్చుండిపోయింది.

జూన్ 11

పొద్దున చిన్నదాన్ని టీ తాగనిచ్చాను. కప్పు కింద పెట్టగానే టాబ్లెట్ ముందు పెట్టాను. కుడి పిడి పక్కన గుడ్డలాగా ఎర్ర దిమ్మ పెట్టి ఉంచాను. చూసింది. మొహం పాలిపోయింది. అక్కా, విప్పడం మర్చిపోయానే అంది. తన పేరు చెబితే ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజర్ బెదిరించాడట. నీ వేళ్ళు ఎలాగూ పోయాయి, నా పనైనా మిగలనీ అనుకుందట. నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

కదిలావంటే చంపేస్తానని చెప్పి అబ్బాయిని పిలిచాను. స్నానంలో ఉన్నాడు. తలుపు విరిగేలా బాదాను. తల తుడుచుకుంటూ వచ్చేసరికి అది కళ్ళు తుడుచుకుని, తన చెప్పులు ఎవరు తీశారని నన్నే తిడుతోంది. వాడు నా వంక చూసిన చూపు ఉంది చూడు.

జూన్ 19

రోజూ టీ అవగానే చూపిస్తున్నాను. మూడురోజులు ఒప్పుకుంది, ప్రతిసారీ అప్పుడే జరిగినట్టు గుండెలు బాదుకుంది. అబ్బాయి వచ్చేసరికి ఏమీ ఉండదు. నాలుగోరోజు నుంచి ఆ గంట కూడా రావడం మానేసింది. ఆవిడకి ప్రతిసారీ కొత్త దెబ్బే అత్తయ్యా, వదిలెయ్యండి అని కోడలు బతిమాలింది. నాకేమన్నా పాతబడిందా అన్నాను.

జూన్ 24

చిన్నది తనే వచ్చి పక్కన కూర్చుంది, ఆడతానంది. గేమ్‌లో తను ఆడించే మనిషి బొమ్మని ఇనప దిమ్మ కింద నిలబెట్టాను. కుడి పిడి నేనే లాగి ఉంచాను. ఎడమది లాగవే అన్నాను. లాగింది. బొమ్మ నలిగిపోయింది. అది పకపకా నవ్వి, ఇంకోసారి అంది. దిమ్మ ఎత్తిపెట్టాను. ముప్ఫై ఒక్కసారి. కోడలు అన్నానికి పిలుస్తోంది. నాకింకా ఆకలి వెయ్యలేదు.