ఎదురింటి స్లాబుకు కట్టిన బొమ్మ

శనివారం రాత్రి

హంతక బొమ్మ సినిమా ఐదో భాగం సీడీ పటాన్‌చెరులో కిరాయికి తెచ్చి, ఏడేళ్ల కూతురు లక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని చూడటం నా బుద్ధితక్కువ. అందులో ఎన్నిసార్లు కాల్చినా ఆ బొమ్మ మళ్లీ వస్తుంది. అప్పటినుంచి లక్ష్మి తన బొమ్మను ముట్టలేదు. నిన్న దాన్ని మా ఫ్యాక్టరీ వెనక మురికి నాలాలో పడేసి వచ్చి, "ఇగ రాదు బిడ్డా" అన్నాను.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే, ఎదురింటి కొత్త స్లాబుకు అదే బొమ్మ తలకిందులుగా వేలాడుతోంది. మొహం నిండా మసి.

"నాలాల దొరికిందన్నా, దిష్టికి కట్టిన," అన్నాడు మేస్త్రీ మల్లేశ్. "ఇల్లు పూర్తయ్యేదాక ఇప్పొద్దు."

మా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇంట్లోకి రాగానే రెక్కలు మూసి గడియ పెట్టాను.

ఇది రాస్తుంటే, నిద్రపోయిందనుకున్న లక్ష్మి దుప్పట్లోంచి అడిగింది: "కిటికెందుకు మూసినవ్ నాయినా? అదొచ్చిందా?"